బస్సు దిగిన మూగన్న

"ఈ బొమ్మను ఇసుకలో పారేయ్! లేదంటే బస్సు దిగు!"

సరిహద్దు గేటు దగ్గర ఇరాకీ సైనికుడొకడు అరబ్బీలో అరిచాడు. అతని చేతిలో, బస్సులోని చిన్నపుల్లయ్య పెట్టెలో దొరికిన ఇత్తడి వీరభద్రస్వామి విగ్రహం ఉంది.

1990 ఆగస్టు నెలాఖరు. ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించి నెల కావస్తోంది. కువైట్‌లోని ఫర్వానియా నుంచి బయల్దేరిన ఆ బస్సు నిండా కడప జిల్లా వాళ్లే. ఈ ఒక్క గేటు దాటితే బాగ్దాద్, ఆపైన జోర్డాన్‌లోని అమ్మాన్, అక్కణ్ణుంచి ఇంటికి విమానం!

"పారేయనీ పుల్లన్నా! రాయచోటికి పోయినంక నేనే ఇంకోటి కొనిస్తా" అని డ్రైవర్ ఖాసిం వలి బతిమాలాడు.

"సామిని ఈడ పారేసి నేను రాను!"

చిన్నపుల్లయ్య బస్సు దిగేశాడు.

అప్పుడు వెనక సీట్లోంచి మూగన్న లేచాడు.

అసలు పేరెవరికీ తెలియదు. 'మూగవాణ్ణి, వంటమనిషిని' అని రాసిన చీటీ చూపిస్తే, ఖాసిం వలి జాలిపడి ఎక్కించుకున్నాడు. మాసిన చొక్కా, నెరిసిన గడ్డం. దారంతా ఆయనకు అందరూ పనులు చెప్పినవాళ్లే.

ఆ మూగన్న సైనికుడి ముందు నిలబడి గలగలా అరబ్బీ మాట్లాడాడు!

"ఓర్నీ! మాటలొచ్చే! ఏం చెప్తాండాడక్కా?" పక్క సీటతను అడిగాడు.

పన్నెండేళ్లుగా కువైటీ ఇంట్లో పనిచేస్తున్న అమీర్‌బీ కిటికీలోంచి చెవి పెట్టింది.

"ఎవురి మతం వాళ్లు చేసుకోవచ్చునని మీ దేశం రాజ్యాంగంలోనే రాసుండాది గదా అంటాండాడు. పొల్లుపోకుండా అప్పజెప్తాండాడు! సామిని పారెయ్యమనే హక్కు నీకు యాడిది అని అడుగుతాండాడు!"

అరుపులు విని అధికారి బయటికొచ్చాడు. మూగన్న చెప్పిందంతా విన్నాడు. విగ్రహం తీసి చిన్నపుల్లయ్య చేతిలో పెట్టాడు.

బస్సంతా ఈలలు, చప్పట్లు!

అధికారి మూగన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"బస్సు పోవచ్చు. ఈయన ఉంటాడు."

"ఆయన మావోడు సార్!" ఖాసిం వలి దిగబోయాడు.

మూగన్న వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. "యల్లా! యల్లా!" అని బస్సును పొమ్మంటూ నవ్వాడు.

"అంత మాటకారికి ఏం గాదులే. ఎనక బస్సులో వచ్చేస్తాడు" అన్నారెవరో. బస్సు కదిలింది.

పది రోజులైనా ఏ బస్సులోనూ మూగన్న రాలేదు. అమ్మాన్ శరణార్థి శిబిరంలో ఒక కువైటీ యువతి ఫోటో పట్టుకుని గుడారం గుడారం తిరుగుతోంది.

"మా మూగన్న!" చిన్నపుల్లయ్య సంబరంగా అరిచాడు.

"మా నాన్న" అందామె.

ఆమె మాటలు తెలుగులో చెబుతూ చెబుతూ అమీర్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇరవై ఏళ్లు రాజ్యాంగం, మతస్వేచ్ఛ బోధించి, ఆక్రమణ తప్పని రాసినందుకు సైనికులు ఇల్లిల్లూ వెతుకుతున్న లా ప్రొఫెసర్ ఆయన. తన కువైటీ యాస వినబడితే దొరికిపోతానని తెలిసే ఆరోజు నోరు విప్పాడు.