గుక్కకో దణ్ణం

అనగనగా ఓ దొడ్డి. దానికి కాపలా కర్రెన్న అనే నల్లకుక్క. దానికెంత అనుమానమంటే, ఎండుటాకు రాలిపడినా "నిన్నెవరు పంపారే?" అని నిలదీసే రకం.

ఒకనాడు దాని కన్ను పొడల కోడి మీద పడింది. కోడి మూకుడులో ఓ గుక్క నీళ్లు తాగుతుంది, వెంటనే తలెత్తి ఆకాశంకేసి చూస్తుంది. మళ్లీ గుక్క, మళ్లీ చూపు. పైన తిరిగేవి గద్దలే కదా, దీనికి వాటితో ఏదో లోపాయికారీ ఒప్పందం ఉందనుకుంది కర్రెన్న.

"ఎవరికే ఆ సైగలు?" అని గుర్రుమంది.

"సైగలు కావన్నా. నీళ్లిచ్చిన పైవాడికి గుక్కకో దణ్ణం."

"నీకెప్పుడైనా కనిపించాడా?"

"లేదు. నీళ్లు కనిపిస్తున్నాయిగా."

కర్రెన్న నమ్మలేదు. గోడనీ తడికనీ వదిలేసి, మూడు రోజులు కోడి మెడకేసే చూస్తూ కూర్చుంది. మూడోనాడు కోడి తలెత్తినదల్లా ఒక్క కేక పెట్టి తన పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. పిల్లల మీదికి దూకిన గద్ద ఉత్తకాళ్లతో కర్రెన్న నెత్తిమీదుగానే ఎగిరిపోయింది.

ఆ పూట కుక్క, 'ఇన్నాళ్లూ నేను కాసింది దొడ్డినా, నా అనుమానాన్నా?' అని మొదటిసారి తననే నిలదీసుకుంది.

మర్నాడు కోడి వచ్చేసరికి కర్రెన్న మూకుడు పక్కనే నిలబడి ఆకాశంకేసి చూస్తోంది.

"నువ్వూ దణ్ణమేనా అన్నా?"

"ఆయన సంగతి నాకింకా అనుమానమే. గద్ద సంగతి నేను చూసుకుంటా. నువ్వు నింపాదిగా తాగి, కళ్లు మూసుకుని పెట్టుకో దణ్ణం."