పేరు లేని పడవ

“తగవు తీర్చడానికి పాస్టరుగారు కుదరరని మీ మామయ్యతో చెప్పు,” అన్నాడు మంగాసి సింబోలోన్, కల్లు గ్లాసు దించకుండా. “ఆయన భార్య సీతోరుస్‌ల ఆడపడుచు.”

మామయ్య పక్క బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. అయినా తియుర్మా అటు తిరిగి అప్పజెప్పింది.

“విన్నాను. స్కూలు మాస్టారూ కుదరడని మీ నాన్నతో చెప్పమ్మా,” అన్నాడు తోగు సీతోరుస్. “ఆయనా సింబోలోనే. ఒకే ఇంటిపేరు, నీకు అన్న. మీ అన్న తీర్పు నాకొద్దు.”

తోబా సరస్సు ఒడ్డున ఆ కల్లుపాక తియుర్మాదే. ఎదురుగా ఇసుకలో కొత్త పడవ. బావా బావమరుదులు చెరిసగం వేసుకుని కట్టించారు. రంగు వేశారు, ఇంజను బిగించారు, పేరు దగ్గర ఆగిపోయారు. మంగాసి తన తల్లి దోర్లాన్ పేరే పెట్టాలంటాడు. తోగు తన తల్లి రుమిందా పేరంటాడు. పేరు రాయనిదే పడవ నీళ్లలో దిగదు. సంతకు పోయే జనమంతా వేరే పడవలెక్కి పోతుంటే ఇద్దరూ ఒడ్డున కూర్చుని చూస్తున్నారు. పైగా మేనమామ వచ్చి శాలువా కప్పనిదే మంగాసి ఇంట్లో ఏ శుభకార్యమూ జరగదు. తోగు ఆ గడప తొక్కడమే మానేశాడు.

ఇద్దరికీ చుట్టం కాని మధ్యవర్తి కావాలి. అక్కడే వచ్చింది చిక్కు. ఆ ఊళ్లో కొత్తవాళ్లిద్దరు ఎదురుపడితే ముందు ఇంటిపేర్లు అడుగుతారు. కాఫీ చల్లారేలోగా ఏదో ఒక వరస తేలిపోతుంది. ఒకే ఇంటిపేరైతే తోబుట్టువుల కింద లెక్క; మేనమామ ఇంటిపేరువాణ్ణి కూడా అక్కడ ఆడపిల్ల పెళ్లాడకూడదు.

“చుట్టం కానివాళ్లు ఇంకెవరున్నారు, ఆ మెకానిక్ నోవ్రి తప్ప?” అంది తియుర్మా విసుగ్గా, గ్లాసులు కడుగుతూ. “అతనా, సముద్రం అవతల మెనాడో నుంచి వచ్చినవాడు. మన ఇంటిపేరా, మన వరసా? మన గొడవలు అతనికేం తెలుస్తాయి?”

ముసలివాళ్లిద్దరూ చాలాకాలానికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“పిలు,” అన్నారు ఒకేసారి.

నోవ్రి చేతుల జిడ్డు తుడుచుకుంటూ వచ్చాడు. తియుర్మా అడక్కుండానే అతని ముందు చక్కెర లేని కాఫీ పెట్టి వెళ్లిపోయింది.

“చూడబ్బాయ్,” అన్నాడు తోగు. “నువ్వు మా మధ్యలో నిలబడాలి. ఎవరి పక్కకీ జరక్కూడదు.”

“సరేనండి. కానీ నా కూలి మీరిద్దరూ కలిసి ఇవ్వాలి. ఒక్కరిస్తే పుచ్చుకోను.”

“ఏమిస్తే సరిపోతుంది?”

“ముందు తగవు తేలనివ్వండి.”

కల్లు తాగేవాళ్లందరి ముందూ ఇద్దరూ మాటిచ్చారు.

“ఇప్పుడు చెరో పేరు నా చెవిలో చెప్పండి. రెండిట్లో ఏది ఎదుటివాళ్లకి న్యాయంగా ఉంటే అదే ఖాయం చేస్తాను. మొండికేసినవాళ్లు ఓడిపోతారు.”

మంగాసి బుర్ర గోక్కున్నాడు. తోగు లేచి పడవ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఒకరి తర్వాత ఒకరు చెవిలో చెప్పారు. నోవ్రి పగలబడి నవ్వాడు.

“మంగాసిగారు రుమిందా అన్నారు. తోగుగారు దోర్లాన్ అన్నారు.”

పాకంతా గొల్లుమంది.

“మా అమ్మ పేరు నువ్వెందుకు చెప్పావు బావా?” తోగు తిన్నగా మంగాసినే అడిగేశాడు.

“కొత్తల్లుడిగా వచ్చినప్పుడు చేప తలకాయ నాకు వేసేది మీ అమ్మ. నీకు తోకే కదరా. మరి నువ్వో?”

“ఈత రాకుండా సరస్సులో దిగానని మీ అమ్మ నన్ను చీపురుతో బాదింది. సొంత కొడుకుని కొట్టినట్టే కొట్టింది.”

“అయితే తూకం సమానం,” అన్నాడు నోవ్రి. “ఎడమవైపు ఒక పేరు, కుడివైపు ఒక పేరు. ఎవరి తల్లి పేరు వాళ్లు రాయకూడదు, అంతే.”

రాశారు. అక్షరాలు వంకర పోయాయి, ముక్కులకి రంగు అంటింది. పడవ నీళ్లలో దిగి ఊగింది. మంగాసి నోవ్రి భుజం చరిచాడు.

“ఇంత బుద్ధిమంతుడికి మా ఇంటిపేరు లేకపోవడమేంటి? ఇవాళ్టి నుంచి నువ్వు సింబోలోన్‌వి. నా కొడుకువి.”

తియుర్మా చేతిలో గ్లాసు జారి పగిలింది.

“వద్దు నాన్నా.”

“అయితే సీతోరుస్‌ని చేద్దాం,” అన్నాడు తోగు.

“అదీ వద్దు మామయ్యా.” ఆమె గొంతు సవరించుకుంది. “ఒకరి ఇంటిపేరు ఇస్తే రెండోవాళ్లకి అన్యాయం కదా.”

“మనింట్లో లాయరమ్మ పుట్టింది బావా,” అన్నాడు తోగు మురిసిపోతూ. “సరే అబ్బాయ్, నీ కూలేంటో అడుగు. మాటంటే మాటే, ఇద్దరం కలిసే ఇస్తాం.”

నోవ్రి వెళ్లి తియుర్మా పక్కన నిలబడ్డాడు.