తెర అక్కర్లేని కిటికీ

"తెర రాడ్డు కూడా బిగించమంటారా అమ్మా?" అని అడిగాడు అద్దాల మేస్త్రీ.

"ఇంత పోసి అద్దం పెట్టించుకుని మళ్ళీ తెరలా? చాల్లే, ఇంకోటి అంటగట్టాలని చూడకు," అంది ఇంటావిడ కొనాడు.

మేస్త్రీ నవ్వి నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. కొనాడు మిట్టమధ్యాహ్నపు ఎండలో బయట నిలబడి తన ఇంటిని తానే చూసుకుంది. హాలు ముందు గోడంతా ఒకటే గాజు. అందులో తన ముఖం, వెనక వీధి, వీధిలో కోళ్ళు. లోపలిది పూచికపుల్లంత కూడా కనపడలేదు. లోపలికొచ్చి చూస్తే వీధంతా కళ్ళముందే ఉంది. కుమాసీ పట్నంలో ఆ పేట మొత్తానికి అలాంటి గాజు ఇంకొకటి లేదు.

గాజొక్కటేనా! గోడలకి పాలరాయిని మరిపించే రంగు. కప్పు నిండా మెలికలు తిరిగిన పూలు. తలుపుకి సింహం తల పిడి. స్నానాల గదిలో బంగారు రంగు కుళాయిలు. బట్టల కొట్టు మీద వచ్చిందీ, రేవులో పనిచేసే మొగుడు పంపిందీ అంతా వాటికే పెట్టింది.

ఇప్పుడు ఆమె బెంగల్లా ఒక్కటే. ఆ గోడల మీద ఒక పదిహేనేళ్ళ పిల్ల చేతి మరకలు పడతాయేమోనని.

పిల్ల పేరు దుఫీ. పొకువా కూతురు. పొకువా తన ఊరి నుంచి పెండలం దుంపలు తెచ్చి కుమాసీ సంతలో అమ్ముతుంది. దుఫీకి కుమాసీ బడిలో సీటొచ్చింది గానీ హాస్టల్లో చోటు దొరకలేదు.

"మూడేళ్ళు నీ దగ్గర ఉండనీ కొనాడూ. ఏ మూలో చాప పరిస్తే చాలు," అంది పొకువా ఫోనులో.

చాప అనగానే కొనాడు గుండె కలుక్కుమంది. పదహారేళ్ళప్పుడు ఒంటరిగా ఈ ఊరొస్తే, అప్పట్లో ఇక్కడే రేకుల గదిలో ఉండే పొకువా తన చాపలో సగమిచ్చింది. రెండేళ్ళు. వాన కారే వైపు తాను పడుకుని, పొడి వైపు కొనాడుకి వదిలేది.

"గోడల రంగు ఇంకా ఆరలేదక్కా. ఆరగానే కబురు చేస్తాలే."

మూడు వారాలైనా ఆ రంగు ఆరలేదు. తర్వాత కొనాడు ఫోనెత్తడమే మానేసింది.

బుధవారం దీపాలు పెట్టే వేళ పొకువా ఒక్కతే వచ్చింది. కొనాడు హాల్లో వెలుగుతున్న షాండిలియర్ దీపాల కింద కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉంది.

"అగూ!"

గుమ్మంలోంచి 'అగూ' అని పిలిస్తే లోపలివాళ్ళు 'అమే' అని పలకాలి. శత్రువు పిలిచినా అనాలి. ఆ మాట కొనాడు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. కదిలితే చప్పుడవుతుందని బొమ్మలా కూర్చుండిపోయింది.

పొకువా గాజు దగ్గరికొచ్చింది. వరండా బల్బు కింద ఆమె ముఖం, ఆ ముఖం మీద గాజులో పడ్డ షాండిలియర్ నీడ. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత తలగుడ్డ విప్పి, నెమ్మదిగా మళ్ళీ కట్టుకుంది. 'అక్కకి ఇంకా సింగారం పోలేదు' అని కొనాడు నవ్వుకోబోయింది. నవ్వు రాలేదు.

"లేదు కాబోలు," అని పైకే అనుకుంది పొకువా. నాలుగు దుంపలు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది.

రెండు రోజులు కొనాడుకి ఏ పనీ తోచలేదు. సిగ్గేసింది. ఫోను తీసేది, గోడల వంక చూసేది, పక్కన పెట్టేసేది.

శుక్రవారం అదే వేళకి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చుంది. ఉడికించిన పెండలం, చేమాకు కూర. పొకువా ఇచ్చిన దుంపలే.

"అగూ!"

ఈసారి రెండు గొంతులు. దుఫీ నెత్తిన ట్రంకు పెట్టె ఉంది. సోమవారం బడి తెరుస్తారు.

ముక్క కొనాడు నోట్లోనే ఆగిపోయింది. నమలడానికి ధైర్యం చాల్లేదు.

దుఫీ పెట్టె దించి గాజు దగ్గరికొచ్చింది. కళ్ళింత చేసుకుని వేలు చూపించింది. "అమ్మా, అదిగో..."

పొకువా చటుక్కున ఆ వేలు పట్టుకుని కిందికి దించింది. "అద్దమే అది. అద్దంలో మనం కాక ఇంకెవరుంటారే?"

అంత పెద్ద అద్దం పిల్ల ఎప్పుడు చూసిందిలే అనుకుంది కొనాడు. దుఫీ ఇంకేదో అనబోయింది.

"పిన్ని ఊళ్ళో లేదు. ఉంటే నా గొంతు విని ఊరుకుంటుందా? నా చాప మీద పెరిగిన పిల్ల అది. పెట్టె ఎత్తుకో."

వాళ్ళు గేటు దాటారు. ఆ చివరి మాట కొనాడుని సోఫాలో కూర్చోనివ్వలేదు. మరకలు పడితే పడనీ, పాడు గోడలు! పళ్ళెం బల్ల మీద పడేసి, చెప్పులైనా లేకుండా గేటు దాకా పరిగెత్తింది. దారిలోనే అబద్ధం తయారైంది.

"అక్కా! నిద్రపట్టేసిందక్కా. మీ పిలుపే వినపడలేదు. రండి, లోపలికి రండి!"

పొకువా ఆగింది. వెనక్కి తిరిగి కూరంటిన కొనాడు చేతిని చూసింది. చిన్నగా నవ్వింది.

"అలాగా తల్లీ. అలసిపోయి ఉంటావు, వెళ్ళి పడుకో. దీనికి బడి దగ్గరే ఒకరింట్లో చోటు మాట్లాడుకుంటాలే. నీ గోడలు బాగా ఆరనీ."

దుఫీ తలెత్తలేదు. ఇద్దరూ మలుపు తిరిగారు.

కొనాడు కళ్ళు తుడుచుకుంది. అక్క నొచ్చుకుంది, నిజమే. కానీ నిద్ర మాట నమ్మింది. ఆ ఒక్కటైనా దక్కిందనుకుంటూ ఇంటి వైపు తిరిగింది.

గాజులో వీధీ లేదు, తన ముఖమూ లేదు. షాండిలియర్ వెలుగులో సోఫా, సోఫా ముందు పళ్ళెం, పళ్ళెంలో సగం కొరికిన పెండలం ముక్క, చిన్నపిల్ల వేలు పెట్టి చూపించగలిగినంత స్పష్టంగా కనిపిస్తున్నాయి.