పిలవని గుమ్మడి

“ఇంకో గుప్పెడు ఇవ్వు,” అన్నాడు వెండెల్ చెయ్యి చాపి.

“ఇక భోజనం చెయ్యవా?” అంటూనే లినెట్ పళ్ళెం అతని ముందుకు తోసింది. హాలోవీన్ మర్నాటి సాయంత్రం. పెళ్ళయ్యాక తన సొంత ఓవెన్‌లో మొదటిసారి వేయించిన గుమ్మడి గింజలు. చెయ్యి జారి ఉప్పు ఎక్కువ పడింది గానీ, అతను లొట్టలేస్తుంటే ఆమెకు కడుపు నిండిపోయింది. చాలక కోటు జేబు కూడా నింపుకున్నాడు.

“పండక్కి దీపం పెట్టడానికి మనం తొలిచిన కాయలో ఇన్ని గింజలున్నాయా?”

“లేవు. అలమార పై అరలో సీసాడు గింజలు కనిపిస్తే అవీ కలిపేశాను.”

అతను నమలడం ఆపేశాడు.

అవి వెండెల్ వాళ్ళ నాయనమ్మ నాటి నుంచి కాపాడుకొస్తున్న నీలం గుమ్మడి విత్తనాలు. మెయిన్ రాష్ట్రంలో ఏ దుకాణంలోనూ దొరకని రకం. అత్తగారు ఆర్ఫా, పక్కనున్న చిన్న ఇంట్లోకి మారుతూ ఆ సీసాను కోడలికి వదిలి వెళ్ళింది. ఏ వస్తువైనా, చివరికి తాళంచెవులైనా, రెండేసి ఉంచుకునే జాగ్రత్త మనిషి.

“అమ్మకి నేను చెప్తాలే.”

“వద్దు. చేసింది నేను, చెప్పేదీ నేనే.”

కానీ రేపు రేపంటూ వాయిదా వేసింది. వెండెల్ కోటు జేబు చిరుగు కుట్టి తెచ్చిన రోజున ఆర్ఫానే అడిగింది, “ఏంటమ్మాయ్, అలా ఉన్నావు?” అని. ఏం లేదంది లినెట్. చలికాలమంతా అలాగే గడిచింది.

మంచు కరిగి, విత్తనాలు వేసే రోజులొచ్చాయి. ఒక ఉదయం ఆర్ఫా గుమ్మంలో నిలబడింది. “బూట్లు వేసుకుని రా.”

ఈ రోజు చెప్పేయాల్సిందే అనుకుంది లినెట్. “అత్తయ్యా, ఆ సీసా...”

“సీసా సంగతి తర్వాత. ముందిది చూడు.”

పెరటి ఎరువు కుప్ప మీద, గుండ్రంగా ఎత్తు చేసినట్టున్న చోట, మూడు గుమ్మడి మొలకలు.

“ఎవరు నాటారు?”

“ఎవరూ నాటలేదు. తమంత తామే మొలిస్తే మేం వాలంటీర్లంటాం.”

“జీతం లేకుండా మంటలార్పడానికి పోయే మీ అబ్బాయిలాంటి వాళ్ళనే అలా అంటారనుకున్నాను.”

“వాడూ అంతేగా. పిలవకపోయినా వస్తాడు, తిండి కనిపిస్తే కదలడు.”

లినెట్ పకపకా నవ్వింది. “నిరుడు పారేసిన తొక్కల్లోంచి వచ్చాయేమో.”

“వాలంటీర్‌ని ఎక్కణ్ణుంచి వచ్చావని అడక్కూడదు. నీళ్ళు పొయ్యి, చాలు.”

వేసవంతా లినెట్ నీళ్ళు పోసింది. ఆకు విప్పితే వెండెల్‌ని లాక్కొచ్చి చూపించింది, పిందె పడితే అతన్ని ముద్దు పెట్టుకుంది. ఆకులు రాలే వేళకు నీలం కాయలు రెండు చేతులకూ పట్టనంత అయ్యాయి.

ఆర్ఫా ఒకటి కోసి, గింజలు కడిగి ఆరబెట్టింది. అవి ఎండాక సీసా నింపి, కోడలి అలమార పై అరలో పెట్టింది.

లినెట్ ఇక ఆగలేకపోయింది. “అత్తయ్యా, నిరుడు ఆ సీసాలో...”

ఆర్ఫా టోపీ పెట్టుకుని, తలుపు దగ్గర వెనక్కి తిరిగింది.

“ఈసారి ఉప్పు కాస్త తగ్గించు.”