మూడో చరణం

"ఒకటి, రెండు, నాలుగు చరణాలు పాడుకుందాం" అంది పాటల టీచరమ్మ.

ప్రతి ఆదివారం అంతే. ఆరాధన చివర పాడే కృతజ్ఞత పాట అది. అందరికీ కంఠతా వచ్చు. మూడో చరణాన్ని మాత్రం, ఎక్స్‌ప్రెస్ రైలు చిన్న స్టేషన్ని వదిలేసినట్టు వదిలేసి పోతారు.

నాలుగోది అయిపోయింది. జనం కూర్చున్నారు. బెంచీలు కిర్రుమన్నాయి. అప్పుడు ఎడమవైపు రెండో బెంచీ చివర తాత ఒక్కడే నిలబడి మూడోది అందుకున్నాడు.

గొంతు కాదది, తుప్పు పట్టిన గేటు. హార్మోనియం మూత కూడా వేసేశారు. పాస్టరుగారు గడియారం చూసుకున్నారు. వెనక బెంచీల్లో పిల్లలు అరచేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తాత నాలుగు వరసలూ పాడి, "ఆమెన్" కూడా తనే అనుకుని కూర్చున్నాడు.

మూడోచరణం తాత అనే పేరు అలా స్థిరపడిపోయింది. అసలు పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కతే ఉండేది. ఆయన భార్య. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మూడో చరణానికి రెండు గొంతులుండేవి. ఆవిడ పోయి మూడేళ్ళు. ఇప్పుడు ఆవిడ పాటల పుస్తకాన్ని తెచ్చి, సరిగ్గా ఆ పేజీ దగ్గర తెరిచి, బెంచీ మీద తన పక్కన పెడతాడు. ఎవరైనా అక్కడ కూర్చోబోతే, "మనిషున్నారండీ" అంటాడు.

గమ్మత్తైన మనిషి. వేళ్ళ కొసల్లో ఎన్నిసార్లు కడిగినా పోని నలుపు. ఎదుటివాళ్ళ కాగితాన్ని తలకిందులుగా గడగడా చదివేస్తాడు. ఒకసారి రైల్లో ఎదుటి సీటాయన పేపరు ఒళ్ళో పరుచుకుంటే, "కాస్త పేజీ తిప్పండి బాబూ, నాది అయిపోయింది" అన్నాడట. నిజమో అబద్ధమో దేవుడికెరుక.

ఓ రోజు తాత ఊరికే కూర్చుందామని పాస్టరుగారి గదికి వెళ్ళాడు. ఇంట్లో మాట్లాడదామంటే కుర్చీ ఒక్కటే ఉంది, దానికి ఆయన కబుర్లన్నీ కంఠతా వచ్చేశాయి. గదిలో టీచరమ్మ కూడా ఉంది. బల్ల మీద ఓ ఉత్తరం ఉంది. పాటల పుస్తకం కొత్తగా అచ్చు వేస్తున్నారట. లావైపోయింది, ఎవరూ పాడని చరణాలేవో చెబితే తీసేస్తామని రాశారు.

"మూడోది తీసేస్తున్నారా?" అన్నాడు తాత.

పాస్టరుగారు ఉలిక్కిపడి ఉత్తరం మీద చెయ్యి అడ్డం పెట్టారు. లాభమేముంది, అప్పటికే సంతకం దాకా చదివేశాడు.

"మీరే చెప్పండి తాతగారూ" అంది టీచరమ్మ. "మొదటి చరణంలో కొండలు. రెండోదాంట్లో సముద్రాలు. నాలుగోదాంట్లో నక్షత్రాలు. మధ్యలో ఇనుప మంచం ఏంటండీ, పాత సామాన్ల కొట్టులోంచి వచ్చినట్టు!"

"కొండలు మంచం పట్టవు కదమ్మా. పట్టేది మనుషులేగా."

"పైగా తాళం తప్పుతుంది. రెండో వరసలో కాలు మడత పడ్డట్టు ఉంటుంది."

తాత తల గోక్కున్నాడు. "అది మాత్రం నిజమే. కాస్త తప్పుతుంది."

"ఈ పాట రాసిన భక్తుడు పోయి నూరేళ్ళు దాటింది తాతా" అన్నారు పాస్టరుగారు. "ఇప్పుడు తీసేస్తే నొచ్చుకుంటాడా ఏమిటి?"

"నొచ్చుకుంటాడండీ."

ఇద్దరూ నవ్వారు. తాత నవ్వలేదు.

"ఒకప్పుడు ఆస్పత్రి మంచం మీంచి లేచొచ్చిన మా ఆవిడకి ఆ చరణమంటే ప్రాణం. ఒక్క ఆదివారం అందరిచేతా పాడించండి అయ్యగారూ. ఒక్కణ్ణే పాడుతుంటే ముసలాడి గొణుగుడనుకుంటాడేమో దేవుడు. అందరూ కలిసి అంటే కృతజ్ఞతేనని తెలుస్తుంది. ఆ తర్వాత తీసేసుకోండి. నేను మళ్ళీ నోరెత్తను."

పాస్టరుగారు టీచరమ్మ వైపు చూశారు. టీచరమ్మ కిటికీ వైపు చూసింది.

ఆ పై ఆదివారం, "అన్ని చరణాలూ పాడుకుందాం" అంది టీచరమ్మ. జనం తెల్లబోయి పుస్తకాలు తిరగేసుకున్నారు. కొండలు అయ్యాయి. సముద్రాలు అయ్యాయి. రెండు వందల గొంతులు తడబడుతూ కొత్త మలుపు తిరిగాయి.

*ఇనుప మంచము చెంత నిలిచితివి*
*ఇక లేదన్న ఊపిరిని మరల ఇచ్చితివి*
*కిటికీలోన వెలుగై వచ్చితివి*
*కృతజ్ఞతతో నిను పాడెదను*

వెనక బెంచీలో, పోయిన నెలే కూతుర్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న కుట్టుపని ఆవిడ, రెండో వరస దాటలేక కూలబడిపోయింది. పిల్లలు నవ్వలేదు.

తాత మాత్రం పాడలేదు. పక్కనున్న పుస్తకం మీద అరచెయ్యి పెట్టి, నోరు మూసుకుని నిలబడ్డాడు.

"ఇవాళే మానేశారేం తాతగారూ?" అని గుమ్మం దగ్గర అడిగింది టీచరమ్మ.

"విందామనిపించిందమ్మా. ఇన్నాళ్ళూ వినే వీల్లేకపోయింది."

పుస్తకాన్ని చంకలో పెట్టుకుని ఒక్కడే ఇంటిదారి పట్టాడు. ఆ పూట కుర్చీకి చెప్పడానికి కొత్త కబురుంది.

మూడో చరణం ఉంచమని ఉత్తరం రాయడానికి కూర్చుంది టీచరమ్మ. రెండో వరసలో తాళం తప్పడం అచ్చుతప్పేమో, ఎందుకైనా మంచిదని పాత పుస్తకంలో సరిచూద్దామనుకుంది. చర్చి బీరువా అడుగు అరంతా వెతికితే, అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది.

తాత ప్రెస్సులో కంపోజిటరుగా కుదిరి, ఇప్పుడందరూ వాడే పుస్తకానికి ఒక్కో సీసపు అక్షరం పేర్చడానికి ఇరవయ్యేళ్ళ ముందు అచ్చయిన ఆ పుస్తకంలో, ఈ పాటకి మూడే చరణాలున్నాయి: కొండలు, సముద్రాలు, నక్షత్రాలు.