మగ్గం సప్పుడు

భార్యకు పురిటి నొప్పులు మొదలయ్యాయని తెలియగానే అంబదాస్ మగ్గం ఆపి లేవబోయాడు. గోడ అవతల నుంచి తల్లి కేకేసింది.

"ఆపకు కొడుకా! నీ మగ్గం సప్పుడుకే నీ పెండ్లాం పానం నిమ్మళంగుంటది."

శంకరవ్వ నడుముకు అత్త వేడి ఆముదం రాస్తోంది. "మగ్గం దెబ్బ పడ్డప్పుడల్లా ఊపిరి ఇడువు బిడ్డా. వాడు నీతోనే ఉన్నడనుకో. జర ఓర్సుకో."

శంకరవ్వ అట్లాగే చేసింది. నొప్పి పోలేదు గానీ భయం తగ్గింది. దెబ్బ దెబ్బకూ ఊపిరి వదులుతూ, పొద్దు వాలేవేళకు కన్నది.

"పసిగుడ్డు ఏడుస్తలేదేంది అత్తా?"

అత్త పసిగుడ్డు వీపు తట్టింది, అరికాళ్లు రుద్దింది, నోట్లో ఊదింది. చలనం లేదు.

"ఏడుస్తున్నది బిడ్డా. మగ్గం సప్పుడుల నీకు ఇనవడ్తలేదు."

"అయితే ఆయనను జర ఆపుమను."

తల్లి గొంతు వణకడం అవతల అంబదాస్ విన్నాడు. మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెలో నూలు ఎప్పుడో అయిపోయింది. అతను ఖాళీ నాడెనే విసురుతూ, మగ్గాన్ని ఇంకా గట్టిగా కొట్టసాగాడు.

ఇవతల శంకరవ్వ, ఆ దెబ్బల నడుమ ఏడుపు కోసం చెవులు రిక్కించింది.