కోల్బ్ గారి సొంతూరు

“ఒక్క ఊరి పేరు, మిస్టర్ కోల్బ్. అంతకంటే ఏమీ అడగను.”

“కొండలుండేవి. మంచు పడేది. ఆవులు కూడా ఉండేవనుకుంటా,” అన్నాడు ఎర్విన్ కోల్బ్, పియానో మూత దించుతూ.

స్మృతి పళ్లు బిగబట్టింది. నెల రోజులుగా ఇదే వరస.

ఇలినాయ్‌లో, అరోరాకి పడమరగా ఉన్న ఆ చిన్న ఊళ్లో స్విస్ గాయక సంఘానికి ఒక పాత చెక్క హాలు ఉంది. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన కుటుంబాలు 1918లో ఆ సంఘాన్ని స్థాపించాయని గుమ్మం మీద చెక్కి ఉంది. మొదటి అధ్యక్షుడు కోల్బ్ తాత. ఇప్పటి అధ్యక్షుడు కోల్బ్.

ఆ స్థలంలో గోడౌన్ కట్టుకుంటామని ఈమధ్య ఒక కంపెనీ వచ్చింది. హాలును చారిత్రక కట్టడంగా గుర్తిస్తే ఇక ఎవరూ కూల్చలేరు. గుర్తించాలంటే, స్థాపకులది స్విట్జర్లాండ్‌లో ఏ ఊరో తేల్చమంది టౌన్ కమిటీ. సంఘం చరిత్ర రాసే పని స్మృతి మీద పడింది.

స్మృతి ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. నేపర్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాడాలన్న కోరికతో కొన్నేళ్ల క్రితం ఈ హాలు తలుపు తట్టింది. ‘మీదెక్కడ?’ అని అడుగుతారని సిద్ధపడే వచ్చింది. కోల్బ్ ఆ మాటే ఎత్తలేదు. “పై గొంతా, కింది గొంతా?” అని మాత్రం అడిగి వరసలో నిలబెట్టాడు. ఆ రోజు నుంచి ఆ హాలంటే ఆమెకు ప్రాణం.

తొంభై దాటిన అదే కోల్బ్ ఇప్పుడు ఆమెకు చుక్కలు చూపిస్తున్నాడు.

“మీ తాతవాళ్లు ఈ ఊరొచ్చింది 1880ల్లో. సంఘం పెట్టింది 1918లో. మధ్యలో అన్నేళ్లూ పాడలేదా?”

“గొంతు సవరించుకున్నారు.”

స్మృతి స్విట్జర్లాండ్‌లోని ఆఫీసులకి ఈమెయిళ్లు పెట్టింది. అలాంటి కుటుంబమేదీ అక్కడి నుంచి వెళ్లినట్టు లేదని జవాబులొచ్చాయి. ఆ మాట చెబితే, “అక్కడివాళ్లకి రికార్డులు దాచడం చేతకాదు,” అని తేల్చేశాడు.

స్విస్ వాళ్లకి రికార్డులు దాచడం చేతకాదట! స్మృతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చికాగోలో ఉద్యోగం చేస్తున్న ఒక స్విస్ ఆవిడను రిహార్సల్‌కి తీసుకొచ్చింది. యాసను బట్టి ప్రాంతమైనా పోల్చుతుందేమోనని ఆశ. ఆవిడ వాళ్ల జర్మన్ పాటలు శ్రద్ధగా విన్నది.

“చాలా బాగా పాడారు. మా వైపు మాట్లాడేదీ జర్మనే. కానీ ఈ యాస నేనెక్కడా వినలేదు,” అంది.

“వందేళ్లు సముద్రానికి ఇవతలుంటే యాస మారదా?” అని కసిరాడు కోల్బ్.

అదీ నిజమేననిపించింది స్మృతికి. తన తెలుగు విని హైదరాబాద్‌లో కజిన్స్ పడీపడీ నవ్వుతారు.

ఆ ఆదివారం అరోరాలో అమ్మ దగ్గర మొత్తం వెళ్లగక్కింది.

“హీ ఈజ్ సో స్టబ్బర్న్, అమ్మా! హాల్ పోతుంది అని తెలుసు. బట్ హెల్ప్ చేయడు.”

“పెద్దాయన, మర్చిపోయాడేమోనే,” అంది తల్లి జ్ఞానప్రసూన, పెనం మీద దోసె తిరగేస్తూ. “అయినా, నిన్నెవరన్నా ‘వేర్ ఆర్ యూ ఫ్రమ్’ అంటే అంతెత్తున లేస్తావు కదా. ఆయన్నేమో రోజూ అదే అడిగి చంపుతున్నావు.”

“దట్స్ డిఫరెంట్!”

“ఏమో బాబూ. తిను ముందు, చల్లారిపోతుంది.”

కమిటీ ముందు హాజరవ్వాల్సిన రోజు వచ్చింది. స్మృతే కోల్బ్‌ని కార్లో తీసుకెళ్లింది.

కమిటీ అధ్యక్షురాలు మంచి మనిషి. ఎలాగైనా సాయం చేయాలనే చూసింది.

“కాగితాలు లేకపోయినా ఫర్వాలేదు, మిస్టర్ కోల్బ్. మీ నోటితో చెప్పండి, రాసుకుంటాం. మీ తాతగారిది స్విట్జర్లాండ్‌లో ఏ ఊరు?”

వెనక కుర్చీల్లో సంఘం వాళ్లంతా ముందుకి వంగారు. కోల్బ్ మైకు దగ్గర నిలబడ్డాడు. నోరు తెరిచాడు. వెనక్కి తిరిగి అందరి ముఖాలూ చూశాడు. నోరు మూసుకున్నాడు.

“చెప్పలేను,” అని వచ్చి కూర్చున్నాడు.

దరఖాస్తు కొట్టేశారు. వెనక వరసలో ఎవరో వెక్కిళ్లు పెట్టారు.

కారెక్కాక స్మృతి ఇక ఆపుకోలేకపోయింది. స్టీరింగ్ మీద అరచేత్తో గట్టిగా కొట్టింది.

“ఆవిడ చేతిలో పెట్టినట్టే ఇచ్చింది! ఏదో ఒక ఊరు! అబద్ధమైనా చెప్పి ఉండొచ్చుగా!”

“ఇంకో అబద్ధమా?” అన్నాడు కోల్బ్.

ఆమెకు అర్థం కాలేదు. ఆయన కారు అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు. ఒకప్పుడు హాలు మెట్ల మీద ఆడుకున్న సంఘం పిల్లలు, ఇప్పుడు ముసలివాళ్లై, ఒకరి భుజం ఒకరు పట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి నడిచి వస్తున్నారు.

“వాళ్లెవరికీ తెలియదు. తెలిసినవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను,” అన్నాడు.

“ఏం తెలియదు?”

“మాది స్విట్జర్లాండ్ కాదు, జర్మనీ, ఆ దేశంతో అమెరికా యుద్ధం చేస్తున్న 1918లో, ఈ ఊరివాళ్లు మా తాతని నడివీధిలోకి ఈడ్చి ఒంటికి తారు పూసిన మర్నాడు, పాట మానుకోలేక, అప్పటికే ఉన్న మా జర్మన్ సంఘమంతా కూడబలుక్కుని స్విస్ వాళ్లమైపోయాం.”